గదికి ఒక్కరు

వ్యాను గేటు దాటి రోడ్డెక్కగానే చక్రాల కుర్చీ ఒకసారి ముందుకు జరిగి ఆగింది, పట్టీలు సరిగ్గా బిగించాడో లేదో ఈ డ్రైవరు అనుకుంటూ చిన్నమ్మాయి వంగి చక్రాల దగ్గర కొక్కేలు తడిమి చూసింది, గట్టిగానే ఉన్నాయి, వదులుగా ఉంటే ఆ వంకతో బండి ఆపించేదాన్ని కదా అనిపించి ఇంకోసారి లాగి చూసింది. కుర్చీలో టెలిఫోనావిడ ఒళ్ళో సంచీ పెట్టుకుని, దాని పట్టీని రెండు చేతులా పట్టుకుని, మొదటి రోజు ఉద్యోగానికి వెళ్తున్న పిల్లలా నిటారుగా కూర్చుని ఉంది. ఆ సంచీలో ఏముందో చిన్నమ్మాయికి తెలుసు, సర్దింది తనే, నాలుగు గౌన్లు, రెండు స్వెట్టర్లు, దువ్వెన, కళ్ళజోడు పెట్టె, ఒక మనిషి ఇన్నేళ్ళ బతుకు ఇంత చిన్న సంచీలో పట్టేస్తుందా అని సర్దుతున్నంతసేపూ చేతులు ఆడలేదు. చిన్నమ్మాయికి యాభై దాటాయి, మెట్లెక్కితే మోకాళ్ళు కిర్రుమంటాయి, అయినా ఆ వృద్ధుల ఇంట్లో ఆమె పేరు ఇదే, చేరిన కొత్తలో ఎవరో పెద్దాయన "ఏయ్ చిన్నమ్మాయీ, మంచినీళ్ళు" అన్నాడు, అన్నాయన పోయి ఎంత కాలమైందో గాని పేరు మాత్రం పోలేదు, మేనేజరు దగ్గర్నుంచి చాకలి మెషీను బాగుచేసేవాడి దాకా అందరికీ చిన్నమ్మాయే. పరీక్షలకని చెప్పి ఎక్కించెయ్యి, దారిలో గొడవ ఉండదు, అన్నాడు మేనేజరు పొద్దున, ముఖం చూడకుండా, కిటికీలోకి చూస్తూ, ఆయన మాత్రం ఏం చేస్తాడు, పై నుంచి వచ్చిన మాట కింద పడెయ్యడానికి లేదు. ఆ అబద్ధం చెప్పడానికి చిన్నమ్మాయికి నోరు రాలేదు. మేజోళ్ళు తొడుగుతూ, నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, "అమ్మా, మిమ్మల్ని వేరే ఇంటికి మారుస్తున్నారు" అని చెప్పేసింది. "తెలుసులే. ఆ ఎడమ కాలిది తిరగబడింది, సరిగ్గా తొడుగు" అంది టెలిఫోనావిడ.

ఎలా తెలుసో అడగలేదు. అడిగే తీరికా లేదు, పక్క మంచం మీద పంతులమ్మ భోజనం చేసి పడుకుని ఉంది, నోరు తెరుచుకుని, గురక పెడుతూ, ఆ గురక గురించి ఇద్దరికీ రోజూ యుద్ధమే. "దాన్ని లేపకు, లేస్తే వీధి చివరిదాకా వినబడేలా అరుస్తుంది" అంది టెలిఫోనావిడ, కుర్చీ గుమ్మం దాటుతుంటే వెనక్కి తిరిగి చూడలేదు, మెడ తిరగదు కదా ఆవిడకి, తిరిగినా చూసేది కాదేమో. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. ఒక గదిలో వేసిన మొదటి వారమే దీపం ఆర్పే విషయంలో జుట్లు పట్టుకునేంత పనిచేస్తే వంటావిడ నవ్వి, వదినా మరదళ్ళు కూడా ఇలా కొట్టుకోరమ్మా అంది, అంతే, మర్నాటి నుంచి ఈవిడకి ఆవిడ వదిన, ఆవిడకి ఈవిడ వదిన. ఒకావిడ జన్మంతా టెలిఫోను ఎక్స్చేంజిలో కూర్చుని ఊళ్ళోవాళ్ళ గొంతులు ఒకదానికొకటి కలిపింది, ఇంకొకావిడ జన్మంతా బడిలో పిల్లల మీద అరిచి అరిచి చివరికి తన చెవులే పోగొట్టుకుంది. వినే మనిషికీ వినబడని మనిషికీ ఒకే గది ఇచ్చాడు దేవుడు, వాడికి పని తక్కువైనట్టుంది, అనేది టెలిఫోనావిడ. చెవి మిషను పెట్టుకుంటే పంతులమ్మకి ఈల వేస్తుంది, అందుకని అది సొరుగులోనే ఉంటుంది, పేపర్లో వార్తలన్నీ టెలిఫోనావిడే అరిచి చదవాలి, చదివిన ప్రతి వార్తకీ పంతులమ్మ మార్కులు వేసేది, ఇది అబద్ధం, ఇది సగం అబద్ధం అని.

వ్యాను మలుపు తిరిగింది, దుకాణాల వరస, సగం షట్టర్లు దించి ఉన్నాయి, ఆ రోగం వచ్చిపోయాక తెరవనివి, ఒకదాని మీద ఇంకా అతికించి ఉంది దూరం పాటించండి అని, ఎండకి అక్షరాలు వెలిసిపోయి. అప్పుడూ ఇలాగే ఖాళీగా ఉండేవి రోడ్లు. అసలు ఆ రోజుల్లో రోడ్డు మీదకి వచ్చిందెప్పుడని, వారాల తరబడి లోపలే, దుప్పట్లు ఉతికే గదిలో, వెచ్చటి మెషీను పక్కన చాప వేసుకుని పడుకునేది, పనివాళ్ళలో సగం మంది పడకేశారు, కొందరు భయపడి రాలేదు, వాళ్ళని ఏమనగలం, భయం లేనిదెవరికి, ఇంట్లో కూతుర్ని పక్కింటివాళ్ళకి అప్పజెప్పి వచ్చింది తను, ఆ పిల్ల ఇప్పటికీ మాట మీద మాట వస్తే ఆ సంగతి ఎత్తుతుంది. సాయంత్రం అందరూ బాల్కనీల్లో నిలబడి చప్పట్లు కొట్టేవారట, టీవీలో చూశారు, పెద్దవాళ్ళు కూడా మంచాల మీద కూర్చుని కొట్టారు, ఎవరికో ఏమిటో తెలియక. తీరా ఒకరోజు బట్టల కోసం ఇంటికి వెళ్తే ఆ చప్పట్లు కొట్టిన చేతులే మెట్ల దగ్గర అడ్డం పెట్టారు, నువ్వు లిఫ్టు ఎక్కకమ్మా, రెయిలింగు పట్టుకోకమ్మా అని. కింద నిలబడితే కూతురు పై నుంచి బట్టల మూట విసిరింది. ఆ మూట చేతుల్లో పడినప్పటి బరువు ఇంకా మోచేతుల్లో ఉంది.

"అద్దం ఎత్తనా అమ్మా, గాలి కొడుతోందా?" అన్నాడు డ్రైవరు. "ఉండనీ బాబూ, గాలేగా" అంది టెలిఫోనావిడ. ఆ గొంతు. వయసు అన్నిటినీ తినేసింది గాని ఆ గొంతు జోలికి రాలేదు. రోగం రోజుల్లో లోపలికి ఎవర్నీ రానివ్వనప్పుడు ముందు గదిలో ఫోను మోగుతూనే ఉండేది, ఎత్తే మనిషి లేడు, మోగి మోగి ఆగి మళ్ళీ మోగేది, ఒక మధ్యాహ్నం చూస్తే ఈవిడ తన కుర్చీ తనే తోసుకుంటూ వచ్చి బల్ల దగ్గర కూర్చుని ఫోనెత్తింది, "హలో, చెప్పండి, ఎవరు కావాలి?" అంది, ఎక్స్చేంజిలో చెప్పినట్టే, ఆ రోజు నుంచి అది ఆవిడ ఉద్యోగం, ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ వద్దనలేదు. ఏ కొడుకు గొంతు ఏదో, ఏ కోడలు ఏ వేళకి చేస్తుందో అన్నీ ఆవిడకి తెలుసు. ఇంకో ఫోనుని ప్లాస్టిక్ సంచిలో చుట్టి చిన్నమ్మాయి ఎవరి ఫోనైతే వాళ్ళ మంచం దగ్గరికి పట్టుకెళ్ళి చెవి దగ్గర పెట్టేది, "లైనులో ఉండండి, కలుపుతున్నాను" అని బల్ల దగ్గర్నుంచి వినబడేది. రైల్వే గార్డుగా చేసిన ఆయన పోయిన రోజున కొడుకు లైనులో ఉన్నాడు, మాట పెగలడం లేదు అతనికి, చిన్నమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి అయిపోయిందని చెయ్యి అడ్డంగా ఊపింది, టెలిఫోనావిడ చూసింది, చూసి, ఒక్క క్షణం ఆగి, "మాట్లాడండి బాబూ, నాన్నగారు వింటున్నారు" అంది. అతను మాట్లాడాడు. చిన్నప్పుడు రైలు చివరి పెట్టెలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళిన సంగతి, ఎందుకో క్షమించమని, ఏమిటేమిటో. అంతా విన్నాక ఫోను పెట్టేసి ఆవిడ మూడు రోజులు అన్నం ముట్టలేదు.

ఆ గార్డుగారు ఉన్నది నలుగురి గది. పక్క మంచం దగ్గితే ఈ మంచం బిగుసుకుపోయేది. ఒక్కొక్కరే, వరసగా, కిటికీ వైపు నుంచి తలుపు వైపుకి, ఆఖరి ఆయన తన వంతు కోసం చూస్తున్నట్టు తలుపు కేసే చూస్తూ పడుకునేవాడు. ఆ మాటే చెప్పింది చిన్నమ్మాయి, అంతా సద్దుమణిగాక సర్కారువాళ్ళు పెద్ద హాల్లో సభ పెట్టి, ఇలాంటి వృద్ధుల ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు వచ్చి ఏం మారాలో చెప్పండి అన్నప్పుడు. మైకు ముందు నిలబడి చెప్పింది, గదికి ఒక్కరే ఉండాలండీ, ఒకరి ఊపిరి ఒకరి ప్రాణం తియ్యకూడదండీ, దానికి తగ్గట్టు మనుషుల్ని కూడా ఇవ్వండి, ఇద్దరు చేసే చోట ఒక్కరం చేస్తున్నాం అని. వేదిక మీద పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. చప్పట్లు మళ్ళీ. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, అడిగితే ఇంత త్వరగా పెడతారనుకోలేదు, రూలు వచ్చేసింది, గదికి ఒక్కరు. మనుషుల మాట మాత్రం ఆ హాల్లోనే ఉండిపోయింది. గదికి ఒక్కరన్నారు గాని ఒక్కరికి ఒక మనిషి అనలేదు. పాత ఇంట్లో గదులెన్ని, గోడలు సాగుతాయా, కాబట్టి మిగిలినవాళ్ళని ఊరి చివర కట్టిన కొత్త భవనానికి పంపాలి, లేకపోతే ఇంటికి తాళం. నెలకొకరు చొప్పున వెళ్తున్నారు. తప్పు రూలు కాదు, ఇప్పుడెవరైనా మైకు పెట్టి అడిగినా అదే చెబుతుంది, ఆ నలుగురి గది కళ్ళముందు ఉన్నంతకాలం ఇంకో మాట చెప్పలేదు, అదే గొంతులో ముల్లు, మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు.

తనిఖీకి వచ్చిన అమ్మాయి కూడా మంచిదే. మా తాతయ్య ఇలాంటి ఇంట్లోనే పోయారండీ, అందుకే ఈ ఉద్యోగంలో చేరాను, అంది. భార్యాభర్తలైతే, అక్కచెల్లెళ్ళైతే కలిపి ఉంచొచ్చు, దానికి వీలుంది, అని తనే దారి చూపించి, ఇద్దరి మంచాల మధ్య నిలబడి, "మీరిద్దరూ ఒకరికొకరు ఏమవుతారండీ?" అని అడిగింది. "ఏమంటోందీ?" అంది పంతులమ్మ. టెలిఫోనావిడ అరిచింది, "మనం ఒకరికొకరం ఏమవుతామని!" పంతులమ్మ ఆ అమ్మాయిని పైనుంచి కిందికి చూసి, "ఏమవుతాం? ఏమీ అవ్వం! దీని నసతో నేను చస్తున్నా!" అంది, గది అదిరేలా. ఆ అమ్మాయి నవ్వింది, చిన్నమ్మాయీ నవ్వింది, నవ్వు పూర్తవకముందే ఆ మాట కాగితం మీదకి ఎక్కిపోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఆ నోటికి ఊరే లేకుండా పోయింది. వదినలండీ, వరసకి వదినలు, అనబోయింది, ఇంటిపేర్లే కలవవు, ఎలా అంటుంది.

ఫోను మోగింది, కూతురు. "అమ్మా, ఆ బట్టల కొట్టువాళ్ళు ఇవాళ సాయంత్రంలోగా చెప్పమంటున్నారు. కూర్చుని చేసే పని. ఎవర్నీ ఎత్తక్కర్లేదు, కడగక్కర్లేదు. నీ నడుం చూసుకున్నావా?" "బండిలో ఉన్నానే. తరవాత చేస్తా." "నీకెప్పుడూ తరవాతే." పెట్టేసింది. పిల్ల అన్నది నిజం. వంటావిడ వెళ్ళిపోయింది, బలంగా ఉండే కుర్రాడు గోదాముకి వెళ్ళిపోయాడు, పొడుగు నర్సు కొత్త భవనంలో చేరింది, ఉన్నవాళ్ళు లేనివాళ్ళ పని కూడా చేసి చేసి వాళ్ళూ లేనివాళ్ళవుతున్నారు. నిన్న స్నానాల గదిలో ఒకావిడని లేపుతుంటే నడుం పట్టేసింది, ఇద్దరూ తడిసిన నేల మీద అలాగే ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు, పిలిస్తే పలికేవాళ్ళు లేక, ఆ ముసలావిడే ఈమె వీపు నిమిరింది. బట్టల కొట్టులో బట్టలు మడత పెట్టాలి, అంతే. బట్టలు రాత్రి దాహమని పిలవవు. బట్టలు చావవు. తప్పేముంది, ఈ చేతులు ఎన్ని కళ్ళు మూశాయి, ఇక చాలదా.

"ఎవరు, మీ అమ్మాయా?" అంది టెలిఫోనావిడ. "ఆఁ." "వెళ్ళు" అంది. దేని గురించో చెప్పలేదు ఎవరూ, ఆవిడకి ఒకవైపు మాటలు వింటే రెండోవైపు మాటలు వినబడతాయి, అలవాటు. చిన్నమ్మాయి బయటికి చూసింది, ఇళ్ళు పలచబడ్డాయి, ఖాళీ స్థలాలు, మధ్యలో తెల్లగా, అంతస్తు మీద అంతస్తు, అద్దాలన్నీ మూసి ఉన్న భవనం.

అద్దాల తలుపు దగ్గర పొడుగు నర్సే ఎదురొచ్చింది, చిక్కిపోయింది, కళ్ళ కింద నలుపు, తలుపు కాస్తే తెరిచి చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు లోపలికి రాకూడదక్కా. బయటినుంచి వచ్చినవాళ్ళని రెండు వారాలు విడిగా ఉంచాలి. ఆ రూలు ఇంకా తియ్యలేదు."

"విడిగా అంటే?"

"గదిలోనే. తలుపేసి. అన్నం గుమ్మంలో పెడతాం."

"ఒక్కర్తేనా? కాళ్ళు కదలని మనిషి, మంచం దిగి గుమ్మం దాకా ఎలా వస్తుందే?"

నర్సు వెనక్కి తిరిగి చూసింది. వెనక పొడుగాటి వరండా, తళతళలాడే నేల, రెండువైపులా తలుపులు, ఒక్కొక్క తలుపు మీద ఒక్కొక్క ఎర్ర దీపం, వాటిలో చాలా వెలుగుతున్నాయి, వెలుగుతున్న ప్రతి దీపం వెనకా ఎవరో గంట నొక్కారు, నొక్కి ఎదురుచూస్తున్నారు. వరండాలో మనిషి లేడు. "అంతస్తు మొత్తానికి నేనూ ఇంకో పిల్లా, అక్కా," అంది నర్సు మెల్లగా, "నువ్వూ వచ్చెయ్యరాదూ, నీలాంటిది ఒక్కతి ఉంటే..." ఆ మాట పూర్తి కాకుండానే చిన్నమ్మాయి కుర్చీ పిడులు పట్టుకుని వెనక్కి తిప్పింది. గట్టిగా, చక్రం డ్రైవరు కాలి మీద ఎక్కేలా. ఆ నలుగురి గది, ప్లాస్టిక్ సంచిలో ఫోను, తలుపేసి గుమ్మంలో అన్నం, మళ్ళీ అదే, రోగం లేకుండా కూడా అదే, ఇందుకా నేను మైకు ముందు నిలబడింది. "పదండమ్మా, వెళ్ళిపోదాం. మేనేజరుతో నేను చెప్పుకుంటా. బండి తియ్యి బాబూ."

డ్రైవరు కదిలాడు కూడా. టెలిఫోనావిడ చక్రం మీద చెయ్యి వేసి ఆపింది.

"వెనక్కి తీసుకెళ్ళి ఎవర్ని తెస్తావు?"

"ఏమిటమ్మా?"

"ఇద్దర్లో ఒకరు అన్నారు కదా. నన్ను తీసుకెళ్తే దాన్ని తేవాలి. మేనేజరు దాని పేరే రాశాడు ముందు, నేనే వెళ్ళి మార్పించా, నీకు తెలియనివ్వద్దని, అందరికీ చెప్పే మాటే నీకూ చెప్పమన్నా." ఆవిడ గొంతు ఎక్స్చేంజిలో ఉన్నట్టే ఉంది, ఎత్తూ లేదు, పల్లమూ లేదు. "ఇక్కడ దానికి ఎవరు అరిచి చెబుతారే? చూడు, పిలిస్తే వచ్చేవాళ్ళే లేరు. వచ్చినా దానికి వినబడదు. నలుగురు వచ్చి ఏదో అని పోతుంటే, ఏమన్నారో తెలియక, భయపడి చస్తుంది. నాకు కనీసం వినబడుతుంది. ఎవరో ఒకరు అటు వెళ్తున్న చప్పుడైనా వినబడుతుంది."

చిన్నమ్మాయి కుర్చీ పిడులు వదిలేసింది. ఇన్నేళ్ళూ ఆ ఇద్దరి దుప్పట్లు మార్చింది, మందులు మింగించింది, తగవులు తీర్చింది, ఈ సంగతి తన ముక్కు కింద జరిగితే తనకి తెలియలేదు. నర్సు కళ్ళు దించుకుంది. "తలుపు తియ్యమ్మా, గాలి కొడుతోంది" అంది టెలిఫోనావిడ ఆ అమ్మాయితో, అని, సంచీ సర్దుకుని, చిన్నమ్మాయి చెయ్యి ఒకసారి నొక్కి వదిలేసింది. కుర్చీ లోపలికి వెళ్ళింది. అద్దం మూసుకుంది. తళతళలాడే ఆ నేల మీద చక్రాలకి చప్పుడే లేదు, వరండా మధ్యలో ఒక తలుపు తెరుచుకుంది, మూసుకుంది, నర్సు పరుగులాంటి నడకతో ఇంకో ఎర్ర దీపం వైపు వెళ్ళింది.

తిరుగు దారిలో డ్రైవరు ముందు సీటులో కూర్చోమన్నాడు, ఆమె వెనకే కూర్చుంది, కుర్చీ ఉన్న చోట నేల మీద పట్టీలు పడి ఉన్నాయి, బండి ఊగినప్పుడల్లా కొక్కేలు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతున్నాయి. మా అమ్మ కూడా ఇలాగే, అని ఏదో మొదలెట్టాడు డ్రైవరు, అద్దంలో ఆమె ముఖం చూసి మానేశాడు. ఏడుపు రాలేదు. ఏడుపు వస్తే బాగుండును, ఏడుపు కూడా ఒక ఓపికే, అది ఉండాలి, ఒంట్లో ఎక్కడో ఒకచోట ఉండాలి. ఏదో తెగిపోయింది, తాడు తెగినట్టు పెద్ద చప్పుడుతో కాదు, నానిన గుడ్డ పోగు విడినట్టు. ఇంత మంచి మనుషుల్ని ఇలా చూస్తూ చూస్తూ ఇంకెంతకాలం, మంచిదాన్నన్న పేరు కోసం చెయ్యాలా, ఆ పేరు కూడా నాది కాదే, ఎవరో దాహమేసినాయన పెట్టింది. కూతురికి ఫోను చేసింది. "వస్తానని చెప్పు వాళ్ళకి." "నిజంగానా అమ్మా?" "నిజంగానే. ఈ నెలాఖరు దాకా ఇక్కడ చేసి వస్తాను." అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు, "థాంక్స్ అమ్మా" అంది, ఎప్పుడో మెట్ల కింద నిలబడిన తల్లి దగ్గరికి ఇన్నాళ్ళకి పై నుంచి దిగి వచ్చినట్టు.

వృద్ధుల ఇంటికి చేరేసరికి సాయంత్రం జావ వేళయింది, ఉన్న ఒక్క పనిపిల్ల అటూ ఇటూ పరుగెడుతోంది, చిన్నమ్మాయి చేతులు కడుక్కుని గిన్నెలు అందుకుంది, ఒక్కొక్కరి ముందూ పెడుతూ పోతే బల్ల చివర పంతులమ్మ, జుట్టు దువ్వుకోలేదు, పక్కన ఖాళీ జాగా అలాగే ఉంచుకుని కూర్చుంది.

"వదినేదీ?" అంది.

చిన్నమ్మాయి వంగి చెవి దగ్గర చెప్పింది, వేరే ఇంటికి వెళ్ళిందమ్మా అని. "ఆఁ?" అంది పంతులమ్మ. ఇంకొంచెం పెద్దగా చెప్పింది. "ఏమంటున్నావు, నోట్లో నోట్లో?" ఇలాంటి మాట చెవిలో చెప్పే మాట, చెయ్యి పట్టుకుని చెప్పే మాట, కానీ ఈవిడకి వేరే దారి లేదు, చిన్నమ్మాయి ఊపిరి పీల్చి అరిచింది, "వేరే ఇంటికి వెళ్ళిపోయింది! ఇక రాదు!" హాల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది. బల్ల చుట్టూ ఉన్న ముఖాలన్నీ తిరిగాయి, ఒకరినొకరు చూసుకున్నారు, ఎవరు ఉన్నారో ఎవరు లేరో చూసుకున్నట్టు, మళ్ళీ ఎవరి గిన్నెలోకి వాళ్ళు చూసుకున్నారు.

పంతులమ్మ ఏడవలేదు. "నాతో చెప్పకుండానా?" అంది. కాసేపటికి, "చెబితే వెళ్ళనిచ్చేదాన్నా, అందుకే చెప్పలేదు ముదనష్టపుది" అంది. పెదవులు ఇంకా ఏదో అంటున్నాయి, చప్పుడు లేదు. జావ మీద మీగడ కట్టింది. ఆవిడ చెయ్యి చాచి చిన్నమ్మాయి మణికట్టు పట్టుకుంది, బడిపిల్లని పట్టుకున్నట్టు, గట్టిగా, ముఖంలోకి చూస్తూ అడిగింది.

"నువ్వైనా ఉంటావు కదూ?"

ఈ ప్రశ్నకి అరవనక్కర్లేదు. చిన్నమ్మాయి తల ఊపింది. ఉంటానన్నట్టే ఊపింది. పంతులమ్మ ఆ తల ఊపుని ఒకసారి పరీక్షగా చూసి, నమ్మి, మణికట్టు వదిలేసి, గిన్నె దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టింది.